ఆవిరిలో దాక్కున్న వేడిని లెక్కగట్టిన జోసెఫ్ బ్లాక్

ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా పల్లెల్లో ఎండాకాలం మొదలవుతూనే ఇప్పపూలు రాలతాయి. ఏరి ఎండబెట్టిన పూలను నానబెట్టి, పులియబెట్టి, కుండకెత్తి పొయ్యి మీద పెడతారు. లేచిన ఆవిరి చల్లబడి సారాగా దిగాలంటే పైన చన్నీళ్ల గిన్నె ఉండాలి. ఆ నీళ్లు చూస్తుండగానే వేడెక్కిపోతాయి. పారబోసి మళ్లీ చన్నీళ్లు పోయాలి, అదీ ఒకసారితో అయ్యే పని కాదు. గిన్నెకు మంట తగలడం లేదు. దిగే సారా చూస్తే చుక్కలు చుక్కలే. మరి అన్ని నీళ్లను కాచే వేడి ఎక్కడిది?

సారా కాచే వాళ్లందరికీ చేతి అనుభవంగా తెలిసిన ఈ సంగతిని రెండున్నర శతాబ్దాల కిందట స్కాట్లండ్‌లో ఒక ప్రొఫెసర్ అంకెల్లోకి దించాడు. ఇవాళ లండన్‌లోనో మాంచెస్టర్‌లోనో కాపురముంటున్న తెలుగువాళ్ల వంటింటి గోడ మీది బాయిలర్, గదులను వెచ్చబెట్టేటప్పుడు గ్యాస్ ఆదా చేసేది ఆ లెక్క ఆధారంగానే.

జోసెఫ్ బ్లాక్ 1728లో ఫ్రాన్స్‌లోని బోర్డోలో పుట్టాడు. తండ్రి బెల్‌ఫాస్ట్ నుంచి వెళ్లి అక్కడ స్థిరపడిన వైన్ వర్తకుడు. పన్నెండో ఏట చదువు కోసం బెల్‌ఫాస్ట్ పంపారు, అక్కడి నుంచి గ్లాస్గో విశ్వవిద్యాలయం. వైద్యం చదువుతూ విలియం కల్లెన్ చెప్పే రసాయనశాస్త్ర పాఠాల వైపు మళ్లాడు. 1754లో ఎడిన్‌బరోలో సమర్పించిన వైద్య సిద్ధాంత వ్యాసం మూత్రాశయంలో రాళ్లకు మందు వెతకబోయి మొదలుపెట్టింది. మందు సంగతి అలా ఉంచితే, మెగ్నీషియం కార్బనేట్‌ను కాల్చినప్పుడు బరువు తగ్గుతోందంటే అందులోంచి ఏదో వాయువు పోతోందని తక్కెడ సాయంతో పట్టుకున్నాడు. దానికి స్థిర వాయువు అని పేరు పెట్టాడు. మనం కార్బన్ డయాక్సైడ్ అంటున్నది దాన్నే. ఇరవై ఆరేళ్ల కుర్రవాడికి ఈ ఒక్కటే చాలు చరిత్రలో నిలవడానికి.

1756లో గ్లాస్గోలో కల్లెన్ ఖాళీ చేసిన పదవిలోకి వచ్చాక ఆయన దృష్టి వేడి మీద పడింది. మంచు కరిగే స్థితికి వచ్చాక ఇంకాస్త వేడి తగిలితే చాలు, అంతా నీరైపోతుందని అప్పటి పండితుల నమ్మకం. అదే నిజమైతే చలికాలం పోగానే కొండల మీది మంచంతా ఒక్కపూటలో కరిగి ఊళ్లను ముంచేయాలి కదా అన్నది బ్లాక్ అనుమానం. ముంచడం లేదు. ఎండ కాస్తున్నా వారాల తరబడి మంచు అలాగే ఉంటోంది.

1761 డిసెంబరులో రెండు గాజు బుడ్లు తీసుకున్నాడు. ఒకదాంట్లో గడ్డకట్టిన మంచు, ఇంకోదాంట్లో దాదాపు అంతే చల్లటి నీళ్లు. రెండింటినీ ఒకే హాలులో వేలాడదీశాడు. నీళ్ల బుడ్డి 33 నుంచి 40 డిగ్రీల ఫారన్‌హీట్‌కు అరగంటలో చేరింది. మంచు కరిగి అదే 40 డిగ్రీలకు రావడానికి పదిన్నర గంటలు పట్టింది. అంటే 21 అరగంటలు. అరగంటకు 7 డిగ్రీల చొప్పున 147 డిగ్రీల వేడి మంచులోకి పోతే థర్మామీటరు చూపించింది 8 మాత్రమే. మిగతా 139 డిగ్రీల వేడి కరగడానికే ఖర్చయింది. నేటి లెక్క 144. గోడకు వేలాడదీసిన రెండు బుడ్లతో అంత దగ్గరికి రావడం మామూలు విషయం కాదు.

ఆవిరి సంగతికి వచ్చేసరికి ఆయనకు సారా బట్టీల వాళ్లు తోడయ్యారు. పొయ్యి సరిగ్గా మండుతుంటే ఎంతసేపట్లో ఎంత సరుకు దిగుతుందో నిమిషాల లెక్కన చెప్పగలనని ఒక బట్టీ పనివాడు ఆయనతో అన్నాడు. మంట నిలకడగా ఉంటే కాలమే వేడికి కొలత అవుతుందన్నమాట. 1762 అక్టోబరులో రేకు పళ్లెంలో నీళ్లు పోసి ఎర్రగా కాలిన పొయ్యి మీద పెట్టాడు. 50 డిగ్రీల నీళ్లు 4 నిమిషాల్లో మరిగాయి. పూర్తిగా ఆవిరవడానికి మరో 20 నిమిషాలు. అంతసేపూ థర్మామీటరు 212 దగ్గరే ఆగిపోయింది. నిమిషానికి 40.5 డిగ్రీల చొప్పున ఆవిరిలోకి వెళ్లిన వేడి 810 డిగ్రీలు. అసలు అంకె సుమారు 970. పళ్లెంతో చేసిన ప్రయోగం కాబట్టి తేడా ఉంది, కానీ దారి సరైనదే. ఈ కనబడని వేడినే మన పాఠ్యపుస్తకాలు గుప్తోష్ణం అంటున్నాయి.

అదే విశ్వవిద్యాలయంలో పరికరాలు బాగుచేసే జేమ్స్ వాట్‌కు 1763-64లో ఒక ఆవిరియంత్రం నమూనా మరమ్మతుకు వచ్చింది. కాస్త ఆవిరి తన బరువుకు ఆరు రెట్ల చన్నీళ్లను మరిగించేస్తోందని చూసి వాట్ ఆశ్చర్యపోయి బ్లాక్‌ను అడిగాడు. బ్లాక్ తన సిద్ధాంతం విప్పి చెప్పాడు. తర్వాత వాట్‌కు అప్పులూ ఇచ్చాడు. వేరుగా ఉండే కండెన్సర్ ఆలోచన మాత్రం తనదేనని, గుప్తోష్ణం నుంచి పుట్టింది కాదని వాట్ మర్యాదగానే స్పష్టం చేశాడు. ఇద్దరి స్నేహం చెడలేదు.

చిత్రమేమిటంటే, వేడి మీద ఇంత చేసిన మనిషి దాన్ని అచ్చు వేయించలేదు. తరగతిలో చెప్పాడు, అంతే. 1772లో స్వీడన్‌లో విల్కే మంచు గుప్తోష్ణాన్ని విడిగా కనుక్కుని ప్రచురించాడు. ఆరోగ్యం అంతంతమాత్రం కావడం ఒక కారణం. 1766 నుంచి ఎడిన్‌బరోలో పాఠాలకే ఓపిక సరిపోయేది. పెళ్లి చేసుకోలేదు, వేణువు వాయించేవాడు. ఆప్తమిత్రుడు ఆడం స్మిత్ 1790లో చనిపోయే ముందు పట్టుబడితే, ఆయన రాతప్రతులను కాల్చేసిన వాళ్లలో బ్లాక్ ఒకడు. కాగితాలు మిగల్చడం మీద ఆ మిత్రబృందానికి మోజు ఉన్నట్టు లేదు. 1799లో భోజనానికి కూర్చుని, ఒడిలో పాలగిన్నె ఒలక్కుండానే ప్రాణం విడిచాడు. పాఠాలను జాన్ రాబిసన్ పోగుచేసి 1803లో పుస్తకంగా తెచ్చాడు.

ఆయన లెక్క ఇళ్లలోకి రావడానికి మాత్రం చాలా కాలం పట్టింది. వంటగ్యాస్ మండినప్పుడు నీటి ఆవిరి కూడా పుడుతుంది. కిలో మీథేన్‌కు రెండు కిలోల పైచిలుకు నీరు. పాత బాయిలర్లు ఆ ఆవిరిని పొగగొట్టంలోంచి బయటికి వదిలేసేవి. గ్యాస్ ఇచ్చే మొత్తం వేడిలో దాదాపు పదో వంతు అలా పోయేది. కండెన్సింగ్ బాయిలర్ ఆ పొగను వదిలేముందు, గదులు తిరిగి చల్లబడి వచ్చిన నీటి గొట్టాలకు తగిలిస్తుంది. ఆవిరి నీరవుతూ దాచుకున్న వేడిని అక్కడ వదిలేస్తుంది. ఇప్పసారా కుండ పైన చన్నీళ్ల గిన్నె చేసే పనే ఇది, కాకపోతే వేడెక్కిన నీళ్లను ఇక్కడ పారబోయరు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2005 ఏప్రిల్ నుంచి కొత్తగా బిగించే గ్యాస్ బాయిలర్లు, కొన్ని మినహాయింపులు పోను, ఈ రకానివే కావాలి.

అయితే తిరిగొచ్చే నీరు సుమారు 55 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లగా ఉంటేనే ఆవిరి నీరవుతుంది. చలి వేస్తోందని బాయిలర్‌ను 80కి తిప్పేసిన ఇళ్లలో కొత్త మిషన్ పాతదానిలాగే పనిచేస్తుంది, బిల్లు చూశాక గానీ తెలియదు.

అలా కారిన నీటికి కాస్త పులుపు గుణం ఉంటుంది, బ్లాక్ కనుక్కున్న కార్బన్ డయాక్సైడ్ అందులో కరుగుతుంది గనుక. ఆ నీరు సన్నటి ప్లాస్టిక్ గొట్టంలోంచి బయటి కాలువలోకి పోతుంది. గట్టి చలికాలంలో గొట్టంలోనే గడ్డకట్టి బాయిలర్ ఆగిపోవడం బ్రిటన్‌లో మామూలే. అప్పుడు ఇంటివాళ్లు బయటికొచ్చి గొట్టం మీద గోరువెచ్చటి నీళ్లు పోస్తారు. ఒక చెంబుతో అది కరగదు. లోపలికి వెళ్లి మళ్లీ నీళ్లు కాచుకుని తెచ్చుకోవాలి.