లంద దగ్గరకు వెళ్ళిన శాస్త్రవేత్త: డాక్టర్ యలవర్తి నాయుడమ్మ

మన సంఘాలలో పలువురి తాతముత్తాతలు తోలుపని చేసి బ్రతికినవారు. లందలో తంగేడు చెక్కతో తోళ్ళను పదును చేసి, రైతుకు మోట బొక్కెన, పల్లెకు చెప్పులు, డప్పు సమకూర్చినవారు వారే. అయినను ఊరు వారిని దూరముంచింది. ఆ పనిని శాస్త్రముగా గౌరవించి, దాని కొరకు ఢిల్లీలోను, దేశదేశాల సభలలోను కృషి చేసిన డాక్టర్ యలవర్తి నాయుడమ్మ గారిని ఈ శతవార్షిక సంచికలో స్మరించుట ఉచితమని మేము తలంచాము.

ఆయన 1922 సెప్టెంబరు 10న తెనాలి సమీపాన యలవర్రులో రైతు కుటుంబంలో జన్మించారు. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలోను, కాశీ హిందూ విశ్వవిద్యాలయంలోను చదివి, మద్రాసులో తోలు శాస్త్రం చేపట్టారు. పై కులాలవారు లంద వాసనకే ముక్కు మూసుకొనే కాలమది. ఇంగ్లండులో శిక్షణ, అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొంది తిరిగి వచ్చారు. 1948లో మద్రాసులో ఏర్పడిన కేంద్రీయ తోళ్ళ పరిశోధన సంస్థకు 1958 నుండి 1971 వరకు డైరెక్టరుగా ఉన్నారు. ఆ సంస్థ తలుపులు తోలు పనివారికి తెరిపించారు. తానును వారి దగ్గరకు వెళ్ళారు.

ఆనాడు మన దేశం పచ్చితోళ్ళను, సగం తయారైన తోళ్ళను తక్కువ ధరకు ఓడలకెక్కించేది. వాటిని బూట్లుగా మార్చి లాభం పొందినవి ఇతర దేశాలు. పూర్తిగా తయారైన సరుకునే పంపాలని, అప్పుడు కూలి మనవారికే దక్కుతుందని నాయుడమ్మ గారు పట్టుబట్టారు. 1973లో కేంద్ర ప్రభుత్వం సగం తయారైన తోళ్ళ ఎగుమతికి పరిమితి విధించింది.

1971లో పద్మశ్రీ లభించింది. ఆ ఏటి నుండి 1977 వరకు ఆయన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలికి డైరెక్టర్ జనరల్. దేశంలోని ప్రయోగశాలలెన్నో ఆయన క్రింద నడిచాయి. ఆ కాలమందే మండలి కరీంనగర్ జిల్లాను దత్తత తీసుకొన్నది. నస్పూర్‌లో ఉన్న మాకు గోదావరి దాటితే అప్పట్లో ఆ జిల్లాయే. ప్రజల అవసరమేమిటో ముందు తెలుసుకొని, తరువాత ప్రయోగశాల విద్యను అక్కడికి తేవాలన్నది ఆ పథకం. దానితో జిల్లా పేదరికం తీరిపోలేదు. కాని శాస్త్రం పల్లెకు జవాబు చెప్పుకోవాలన్న నియమం నిలిచింది.

ఐక్యరాజ్యసమితి సంస్థలకు, వర్ధమాన దేశాలకు ఆయన సలహాదారు. పేద దేశం ధనిక దేశపు యంత్రాన్ని గుడ్డిగా కొనరాదని, తన చేతికి తగిన విద్యను ఎన్నుకోవాలని అంతటా బోధించారు. కెనడాలో ఒక అంతర్జాతీయ సమావేశం ముగించుకొని వస్తూ, 1985 జూన్ 23న ఐర్లండు తీరాన పేల్చివేయబడిన కనిష్క విమానంలో మరణించిన 329 మందిలో ఆయన ఒకరు.

యొప్పేలో అపొస్తలుడైన పేతురు బస చేసినది చర్మకారుడైన సీమోను ఇంట. ఆ సంగతి చదివిన తరువాత కూడా తాతగారి వృత్తి చెప్పుటకు తల వంచుకొనే యువకులు మన మధ్య ఉన్నారు. వారు నాయుడమ్మ గారి జీవితమును చదువవలెనని మా మనవి.