ఫాబ్రిజియో మెయోని
ఫాబ్రిజియో మెయోని (డిసెంబరు 31, 1957 - జనవరి 11, 2005) ఇటలీ దేశానికి చెందిన సుప్రసిద్ధ మోటారుసైకిల్ పోటీదారుడు. అప్పట్లో ఆఫ్రికా ఎడారుల గుండా సాగిన డాకర్ ర్యాలీలో రెండు పర్యాయాలు విజేత. ఈయన టస్కనీ ప్రాంతంలోని కాస్టిలియోన్ ఫియొరెంటినోలో జన్మించాడు.

2001లో ఒక సిలిండరు గల కెటిఎం వాహనంపై ఈయన సాధించిన గెలుపు, ఆ ఆస్ట్రియా సంస్థకు డాకర్‌లో మొట్టమొదటిది. మరుసటి సంవత్సరం మెయోని ఆ నమ్మకమైన వాహనాన్ని విడిచి, రెండు సిలిండర్లు గల కొత్త 950ని ఎంచుకున్నాడు. చదునైన నేలపై అది మహావేగంగా పరుగెత్తేది. కాని మెత్తని ఇసుక తిన్నెలలో చక్రం కూరుకుపోతే అంత బరువును ఒంటరిగా వెలికి లాగవలసి వచ్చేది. అంతటి వేగంలో అదుపు తప్పితే ప్రాణాపాయమే. నలభై నాలుగేళ్ళ వయసులో దానిపై మళ్ళీ గెలవడం సామాన్య విషయం కాదు. 2003లో అమ్మకానికి వచ్చిన 950 అడ్వెంచర్ ఈ వాహనం నుండి రూపొందినదే. ఆ ఏడాది డాకర్‌లో ఈయనకు మూడవ స్థానం లభించింది.

2004 సెప్టెంబరులో ఈజిప్టులో జరిగిన ర్యాలీలో సహచరుడు రిషార్ సాంక్ట్ మరణించాడు. ఆ విషాదంతో పందేలకు స్వస్తి చెప్పదలచిన మెయోని, చివరిసారిగా 2005 డాకర్‌లో పాల్గొన్నాడు. మౌరిటానియాలో అటార్ నుండి కీఫాకు సాగిన పదకొండవ దశలో వాహనంపై నుండి పడి మృతిచెందాడు. మరునాటి దశను మోటారుసైకిళ్ళకు రద్దు చేశారు. అనంతరం కుటుంబ సభ్యులు ఈయన పేరిట నెలకొల్పిన సంస్థ సెనెగల్‌లో పిల్లల చదువుకు తోడ్పడింది.