చెయ్యి లేవనప్పుడు కూడా క్షమించవచ్చా? కోరీ టెన్ బూమ్ కథ

పోయిన వీడియోలో భాగవతంలోని అశ్వత్థామ ఘట్టం చెప్పుకున్నాం కదా. నిద్రపోతున్న తన ఐదుగురు కొడుకుల్ని చంపినవాడిని కట్టి తెచ్చి ఎదురుగా నిలబెడితే, వాడి తల్లికి తనలాంటి గర్భశోకం రాకూడదని ద్రౌపది విడిచిపెట్టమంది. ఆ వీడియో ఎడిట్ చేస్తున్నంతసేపూ నాకు ఒకటే గుచ్చుకుంది. ద్రౌపది సరే, నా వల్ల అవుతుందా? ఆస్తి విషయంలో మా నాన్నని మోసం చేసిన ఒక బంధువుతో నేను మాట్లాడి నాలుగేళ్లయింది. పెళ్లిళ్లలో ఎదురైనా తల తిప్పేసుకుంటాను.

ఆ రోజుల్లోనే కోరీ టెన్ బూమ్ జీవితం చదివాను. ఆవిడ క్రైస్తవురాలు. మనం పూజించే పద్ధతి వేరు కావచ్చు. కానీ ఆవిడ పడ్డ యాతన మాత్రం మనందరికీ తెలిసినదే.

కోరీ 1892లో నెదర్లాండ్స్‌లో పుట్టారు. హార్లెమ్ ఊళ్లో వాళ్లది గడియారాల కొట్టు. నాన్న కాస్పర్ దగ్గర పని నేర్చుకుని, ఆ దేశంలో లైసెన్స్ పొందిన మొదటి మహిళా వాచ్‌మేకర్ అయ్యారు. పెళ్లి చేసుకోలేదు. నాన్న, అక్క బెట్సీ, ఆవిడ కొట్టు ఉన్న ఇంట్లోనే ఉండేవారు.

1940లో నాజీలు ఆ దేశాన్ని ఆక్రమించారు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చిన యూదులకి ఈ కుటుంబం తలుపు తీసింది. కోరీ పడకగదిలో ఒక దొంగ గోడ కట్టించి, దాని వెనక మనుషుల్ని దాచేవారు. ఎవరో సమాచారం అందించడంతో 1944 ఫిబ్రవరి 28న పోలీసులు వచ్చిపడ్డారు. గోడ వెనక ఉన్న ఆరుగురు దొరకలేదు కానీ ఇంటివాళ్లు దొరికిపోయారు. 84 ఏళ్ల కాస్పర్ పది రోజులకే ఖైదులో కన్నుమూశారు. అక్కచెల్లెళ్లిద్దరినీ చివరికి జర్మనీలోని రావెన్స్‌బ్రూక్ మహిళా శిబిరానికి తోలారు. ఆకలి, చలి, దెబ్బలు. ఆ డిసెంబరులో బెట్సీ అక్కడే పోయింది. కొద్ది రోజులకి కోరీని వదిలేశారు.

యుద్ధం అయ్యాక, శిబిరాల నుంచి బతికి వచ్చినవాళ్ల కోసం ఆవిడ ఒక ఆశ్రయం తెరిచారు. అక్కడ ఆవిడ ఒకటి గమనించారు. శత్రువుని క్షమించగలిగినవాళ్లు మళ్లీ మామూలు బతుకులో పడ్డారు. పగని పెంచుకున్నవాళ్లు అక్కడే ఆగిపోయారు.

1947లో మ్యూనిక్‌లోని ఒక చర్చిలో దేవుడి క్షమ గురించి మాట్లాడి దిగారు. ఒకాయన ఎదురొచ్చాడు. చూడగానే గుర్తుపట్టారు. రావెన్స్‌బ్రూక్‌లో కాపలా కాసినవాడే! తాను ఇప్పుడు క్రైస్తవుణ్ణి అయ్యానని, క్షమించమని అడుగుతూ చెయ్యి చాచాడు.

కోరీ చెయ్యి లేవలేదు. అప్పటిదాకా క్షమ గురించి చెప్పిన మనిషికే! కళ్ల ముందు అక్క మెదిలింది. కానీ ఇతరుల్ని క్షమించనిదే దేవుణ్ణి క్షమ అడగలేమని ఏసు చెప్పిన మాట ఆవిడకి తెలుసు. మనసులో ప్రేమ లేదు, చెయ్యి ఎత్తడం మాత్రం తన చేతిలో ఉంది, మిగతాది నువ్వే చూసుకో అని దేవుడికి విన్నవించుకుని, మరబొమ్మలా చెయ్యి కలిపారు. ప్రేమ ఆ తర్వాతే వచ్చిందని రాసుకున్నారు.

నాకు ఇక్కడే కళ్లు తెరుచుకున్నాయి. కోపం పోయాక క్షమిద్దాం అని నేను ఎదురుచూస్తున్నాను. ఆవిడ కోపం ఉండగానే చెయ్యి ఎత్తారు. అలాగని క్షమ అంటే తప్పుని ఒప్పు అనడం కాదు. అశ్వత్థామ ప్రాణం దక్కింది కానీ తలమీది మణి పోయింది కదా! శిక్ష సంగతి ధర్మం చూసుకుంటుంది. పగని మోయాలా వద్దా అనేదే మన చేతిలో ఉంది.

కోరీ 1983లో, సరిగ్గా తన పుట్టినరోజు నాడే, 91 ఏళ్లకి వెళ్లిపోయారు.

వచ్చే నెల మా ఇంట్లో ఒక పెళ్లి ఉంది. ఆ బంధువు కూడా వస్తాడు. నా మనసు ఇంకా కరగలేదు, అబద్ధం చెప్పను. కానీ ఈసారి తల తిప్పుకోకుండా, బాగున్నారా అని ఒక్క మాట అడగాలనుకుంటున్నాను. మీరు అలా పలకరించాల్సినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఒక్కసారి ఆలోచించండి. మళ్లీ కలుద్దాం. శుభం.