ముప్పయ్యో ఏట వైద్య విద్యార్థి
వయసు మీరింది, ఇప్పుడేం చదువులే అని మన సంఘాల్లో కొందరు వెనుదీయడం మనం చూస్తున్నాం. వారికి ఆల్బర్ట్ ష్వైట్జర్ జీవితాన్ని గుర్తుచేస్తున్నాం.

1905లో, ముప్పై ఏళ్ల వయసులో, ఆయన స్ట్రాస్‌బర్గ్‌లో వైద్యవిద్యకు పూనుకొన్నారు. అప్పటికే తత్వశాస్త్రంలోను దైవశాస్త్రంలోను డాక్టరేట్లు పొందిన అధ్యాపకుడు, ప్రసంగీకుడు. ఆ పట్టాలు దారిని కురచ చేయలేదు. తాను బోధించిన విశ్వవిద్యాలయంలోనే శరీర నిర్మాణ శాస్త్రం మొదలుకొని అన్నీ నేర్చుకొన్నారు. స్నేహితులు వారించినా ఆగలేదు.

1913లో భార్య హెలేనతో కలిసి ఆఫ్రికాలోని లాంబరేనే చేరి ఆసుపత్రి ప్రారంభించారు. 1965లో అక్కడే కన్నుమూశారు.

బోధకుడిగా ముందే వెళ్లగలిగినా, రోగుల కోసం దీర్ఘమైన సిద్ధపాటునే ఎంచుకొన్నారు. ఆలస్యమైందని పిలుపును తోసిపుచ్చకుందాం. తొందరపడి సిద్ధపాటును తగ్గించుకోకుందాం.