రాయవేలూరులో మెదడు వైద్యానికి ఆద్యుడు చాందీ

తలలో గడ్డ అన్నా, మూర్ఛ తగ్గలేదన్నా చిత్తూరు పల్లెల్లో పెద్దోళ్ల నోట ముందుగా వచ్చే ఊరు రాయవేలూరు. కాట్పాడిలో రైలు దిగే తెలుగోళ్లకు అక్కడి సీఎంసీ ఆసుపత్రి కొత్తేమీ కాదు. అయితే 1949కి ముందు మెదడు ఆపరేషన్లకంటూ ప్రత్యేక విభాగం అక్కడే కాదు, దేశంలోనే లేదు. దాన్ని మొదలుపెట్టింది డాక్టర్ జాకబ్ చాందీ.

చాందీ 1910లో కొట్టాయంలో పుట్టారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి డాక్టరయ్యారు. బహ్రెయిన్‌లోని మిషన్ ఆసుపత్రిలో పాల్ హారిసన్ అనే సర్జన్ దగ్గర పనిచేశారు. తర్వాత అమెరికా వెళ్లి, అటునుంచి కెనడాలోని మాంట్రియల్ చేరి వైల్డర్ పెన్‌ఫీల్డ్ వద్ద శిక్షణ పొందారు. తల చర్మానికి మాత్రమే మత్తిచ్చి, రోగి మెలకువగా మాట్లాడుతుండగానే మూర్ఛకు ఆపరేషన్ చేయడంలో పెన్‌ఫీల్డ్ దిట్ట. మందులిచ్చే న్యూరాలజిస్టు, కత్తి పట్టే సర్జన్, పరీక్షలు చేసే ల్యాబు అన్నీ అక్కడ ఒకే కప్పు కింద ఉండేవి.

అదే పద్ధతిని చాందీ రాయవేలూరుకు తెచ్చారు. న్యూరాలజీని, న్యూరోసర్జరీని ఒకే విభాగంగా నడిపారు. న్యూరాలజిస్టు బల్దేవ్ సింగ్ కొంతకాలం ఆయనతో కలిసి పనిచేశారు. మందులకు లొంగని మూర్ఛతో వచ్చిన ఓ యువకుడికి 1952లో ఇక్కడే ఆపరేషన్ జరిగింది.

ఆపరేషన్లు ఎన్ని చేసినా ఒక్కరి చేతి మీదే ఆధారపడితే ఆ చేయి ఆగిన రోజున అంతా ఆగిపోతుంది. నేర్చుకోవాలంటే అప్పట్లో సముద్రాలు దాటాల్సిందే. అంత స్తోమత ఎందరికుంటుంది? 1958లో వేలూరులోనే న్యూరోసర్జరీ శిక్షణ మొదలవడంతో ఆ ఇబ్బందికి దారి దొరికింది. అంతకుముందే 1951లో మద్రాసుకు చెందిన రామమూర్తి, నరసింహన్, బల్దేవ్ సింగ్‌లతో కలిసి చాందీ భారత న్యూరలాజికల్ సొసైటీని స్థాపించారు. వైద్య కళాశాల ప్రిన్సిపాల్‌గానూ పనిచేశారు. 1964లో పద్మభూషణ్ అందుకున్నారు.

1970లో రిటైరై కొట్టాయం వెళ్లిపోయారు. 2007లో 97 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన దిగిపోయినా విభాగం మూతపడలేదు. శిష్యుడు మథాయ్ పగ్గాలు అందుకున్నారు. ఇక్కడ నేర్చుకున్న మరికొందరు వేరే ఊళ్లలో విభాగాలు నడిపారు. చాందీ చేసిన ఆపరేషన్ల కన్నా ఆయన నేర్పిన చేతులే ఎక్కువ మందిని కాపాడాయి.