టంకశాలలో న్యూటను మహాశయుడు

సర్ ఐజాక్ న్యూటను పేరు వినగానే మన బాలురకు ఆపిలు పండు జ్ఞప్తికి వచ్చును. ఆ పండు సంగతి అందరును ఎరిగినదే. ఆ మహాశయుడు తన జీవితములోని కడపటి ముప్పది సంవత్సరములు చేసిన మరియొక కొలువును గూర్చి మేమిచ్చట వ్రాయదలచితిమి. దొంగనాణెములు చేయువారిని పట్టుట ఆ కొలువులో నొక భాగము.

ఇది యిప్పుడు వ్రాయుటకు కారణము కలదు. ఒకవైపున ఆంజనేయస్వామి రూపమును, మరియొకవైపున ఈస్టిండియా కంపెనీ పేరును, 1818వ సంవత్సరమును గల రాగినాణెములను పురాతనములని నమ్మి దాచుకొన్నవారు మన దేశమున నెందరో కలరు. అట్టివి బియ్యపుగింజలను ఆకర్షించునని, లక్షలు విలువచేయునని నమ్మించు మోసగాండ్రు ఆంధ్రదేశమున పలుమారులు పట్టుబడిరి. కంపెనీవారు అట్టి నాణెమును ఎన్నడును ముద్రింపలేదు. ఇంతేకాక, నాణెములు సేకరించువారికొరకు పరదేశములలో, ముఖ్యముగా చీనాలో, పాతనాణెములకు నకళ్లు చేసి పంపు వ్యాపారము నేడు పెరిగినది. చేయువాడొక దేశమున, మోసపోవువా డొక దేశమున నున్నప్పుడు దొంగను పట్టుట యెట్లు? న్యూటను పట్టిన పద్ధతిని చూతము.

ఆయన ఆ దేశపు పాత పంచాంగము ననుసరించి 1642 క్రిస్మసు దినమున లింకనుషైరులోని వూల్సుతోర్పు గ్రామమున జన్మించెను. తండ్రి అంతకు మూడు నెలల ముందే గతించెను. కేంబ్రిడ్జిలో చదివి, 1669లో అచ్చటనే గణితాచార్యుడయ్యెను. 1687లో ప్రిన్సిపియా ప్రకటించెను. 1696లో లండను టంకశాలకు వార్డెనుగా వచ్చెను.

అప్పటి ఇంగ్లాండు నాణెముల దురవస్థ చెప్పనలవి కాదు. సుత్తితో కొట్టిన పాత వెండినాణెములకు అంచులు సమముగా నుండవు. దొంగలు ఆ అంచులను కత్తిరించి వెండి తీసికొని, మిగిలినదానిని మరల చెలామణి చేయుచుండిరి. 1662 మొదలు యంత్రముతో ముద్రించిన నాణెముల అంచులపై అక్షరములో గీట్లో ఉండెను; ఆవగింజంత కత్తిరించినను బయటపడును. నేటి మన పదిరూపాయల నాణెముల అంచునగల గీట్లు ఆ యుపాయపు సంతతియే. అయినను మంచి నాణెము పెట్టెలలో దాగియో, కరగి పరదేశములకు పోయియో మాయము కాగా, చెడ్డదే బజారున తిరుగుచుండెను. తుదకు పాత వెండినంతయు రాబట్టి, కరగించి, మరల ముద్రించిరి.

దొంగలను పట్టి శిక్షింపజేయు భారము వార్డెనుదే. న్యూటను మొదట దీనిని అసహ్యించుకొని, తన్ను ఈ పనినుండి తప్పింపుమని ధనాగారమువారికి వ్రాసికొనెను. వారంగీకరింపలేదు. ఇక తప్పదని తెలిసినపిమ్మట ఆయన చేసినట్లు మరెవ్వరును చేయలేదు. లండను చుట్టునున్న మండలములలో మేజిస్ట్రేటు అధికారము పొందెను. చెరసాలలకు, సారాయి అంగళ్లకు తిరుగుటకైన ఖర్చులు లెక్కలలో వ్రాసెను. 1698 జూను మొదలు 1699 చివరివరకు నూటికి పైగా వాఙ్మూలములు తీసికొనెను. నాణెమును ఎంత పరీక్షించినను అది దొంగదని తెలియునే గాని చేసినవాని పేరు తెలియదు. ఇది నీ కెవరిచ్చిరి, వానికెవరిచ్చిరి అని చేతినుండి చేతికి వెనుకకు పోవలయును.

ఇట్లు పట్టువడినవారిలో మొనగాడు విలియం చాలొనరు. మేకులు చేయు పని నేర్చినవాడు; గడియారపు బొమ్మలు అమ్మెను, నాటువైద్యము చేసెను, తుదకు ఇంగ్లీషు గినీలే గాక పరరాజు నాణెములగు పిస్టోలు అను బంగారుకాసులను సైతము దొంగతనముగా తయారుచేసెను. అంతట నాగక పార్లమెంటు సంఘము నెదుట టంకశాలవారినే దూషించి, తనకు మేలైన ముద్రణోపాయము తెలియునని, లోపలికి రానిమ్మని కోరెను. న్యూటను సమ్మతింపలేదు. అతని పూర్వపు సహచరులను, వారి స్త్రీలను, చెరసాలలో ప్రక్కనున్న ఖైదీలను విచారించి సాక్ష్యము కూర్చెను. 1699 మార్చిలో చాలొనరు రాజద్రోహ నేరమునకు ఉరితీయబడెను. చావునకు ముందు అతడు ప్రాణభిక్ష వేడుచు న్యూటనుకు జాబు వ్రాసెను. అది ఫలింపలేదు. నేరము నిజమేయైనను, ఈ ఘట్టము చదువునప్పుడు మా మనస్సు న్యూటను పక్షమున పూర్తిగా నిలువలేదని ఒప్పుకొనుచున్నాము.

ఆ సంవత్సరాంతమున ఆయన టంకశాల మాస్టరయ్యెను. 1705లో సర్ బిరుదము వచ్చెను. 1717లో వ్రాసిన నివేదికలో, వెండికి ఇంగ్లాండులోకన్న హిందూదేశమున, చీనాలో విలువ హెచ్చగుటచే అది తూర్పునకు పోవుచున్నదని లెక్కలతో చూపెను. ఆ వెండిని ఓడలలో తెచ్చినది కంపెనీయే. 1626 ప్రాంతమున మన నాయుడుపేటకు తూర్పున దుగరాజపట్నములో వర్తకశాల పెట్టుకొన్నదియు నాకంపెనీయే. 1818 నాటివని దాని పేరుతో తిరుగు బొమ్మకాసులను ఎవరైన మీ యింటికి తెచ్చినయెడల, న్యూటను అడిగిన ప్రశ్ననే అడుగుడు: ఇది నీ కెవరిచ్చిరి?

న్యూటను 1727లో తన ఎనుబదినాలుగవ యేట గతించెను; వెస్టుమినిస్టరు ఆబీలో సమాధి చేసిరి. ఆయన తీసికొన్న వాఙ్మూలములలో పెక్కింటిని ఆయన బ్రతికియుండగనే కాల్చివేసిరి. మిగిలినవి, ఆయన చేవ్రాలుతో, ఆ దేశపు ప్రభుత్వ దస్తరములలో నేటికిని ఉన్నవి.