గొడార్డ్ దాచిపెట్టిన వలస

మసాచుసెట్స్‌లో ఉంటున్న మన తెలుగువాళ్లలో చాలామందికి ఆబర్న్ తెలిసిన ఊరే. అక్కడి గోల్ఫ్ మైదానంలో ఓ చిన్న రాతి స్తంభం ఉంది. ఇండియా నుంచి ఎవరొచ్చినా నేను తప్పకుండా చూపిస్తాను. 1926 మార్చి 16న రాబర్ట్ గొడార్డ్ ద్రవ ఇంధనంతో ప్రపంచంలోనే తొలి రాకెట్‌ను ఎగరేసింది ఇక్కడే. అప్పట్లో అది బంధువుల పొలం. రాకెట్ 41 అడుగులు లేచి, రెండున్నర సెకన్లలో నేలమీద పడింది.

గొడార్డ్ 1882లో పక్కనే ఉన్న వూస్టర్‌లో పుట్టారు. 17వ ఏట కొమ్మలు కొట్టడానికి చెర్రీ చెట్టెక్కి, అంగారకుడి దాకా వెళ్లే యంత్రాన్ని ఊహించుకున్నారు. 1913లో క్షయ సోకితే డాక్టర్లు ఆశ వదులుకున్నారు. ఆయన కోలుకుని, క్లార్క్ యూనివర్సిటీలో ఫిజిక్స్ చెప్పారు.

నన్ను కట్టిపడేసేది మాత్రం 1918 జనవరిలో ఆయన రాసుకున్న కొన్ని కాగితాలు. సూర్యుడు చల్లారిపోయే కాలానికి మనుషులు వేరే నక్షత్రాలకు వలస పోవడం ఎలా అన్నదే అందులోని విషయం. ప్రయాణికులు నిద్రాణంగా ఉండాలి. దగ్గరి నక్షత్రాలకైతే ఓడ నడిపేవాడు బహుశా 10,000 ఏళ్లకోసారి మేలుకోవాలి. ఆ కాగితాలను కవర్‌లో పెట్టి సీలు వేసి, పైన అద్దాలకు వెండిపూత సూత్రాలని రాశారు. ఎందుకు దాచారో ఊహించగలను. చంద్రుడి దాకా రాకెట్ వెళ్లగలదన్నందుకే 1920లో న్యూయార్క్ టైమ్స్ ఆయన్ని ఎగతాళి చేసింది.

ఆయన లెక్క అతిశయోక్తి కాదు. 2016లో కనుగొన్న ప్రాక్సిమా బి గ్రహం 4.2 కాంతి సంవత్సరాల దూరంలో, అంటే దాదాపు 40 లక్షల కోట్ల కిలోమీటర్ల అవతల ఉంది. సెకనుకు 17 కిలోమీటర్లు పోతున్న వాయేజర్-1 వేగంతో అక్కడికి 75 వేల ఏళ్లు పడుతుంది. పోనీ వేగం పెంచుదామంటే ఇంకా ఇంధనం కావాలి. ఆ ఇంధనం బరువును మోయడానికి మళ్లీ ఇంధనం కావాలి.

చేరుకోలేని గ్రహాలను వెతకడం ఎందుకని మా అబ్బాయి అడిగాడు. గొడార్డ్ జీవితమే చెప్పాను. నక్షత్రాల దూరం లెక్కగట్టిన మనిషే, ఎనిమిదేళ్ల తర్వాత 41 అడుగుల దగ్గర పని మొదలుపెట్టారు. 1945 ఆగస్టు 10న కన్నుమూసేదాకా ఆపలేదు. ఆయన పేరిట వచ్చిన 214 పేటెంట్లలో సగానికి పైగా ఆ తర్వాత భార్య ఎస్తర్ సాధించినవే. అపోలో-11 చంద్రుడి దారిలో ఉండగా, 1969 జులై 17న, ఆ పత్రిక తన తప్పు ఒప్పుకుంది. అది చదువుకోవడానికి ఆయన లేరు.